ఒకటే స్క్రీన్, రెండు గ్రాఫిక్స్ చిప్పులు: లైనక్స్ ల్యాప్‌టాప్‌లో చిక్కు యాడ పడతాది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది కదా, అప్పటి నుంచి మా అనంతపురంలో నాకు తెలిసినవాళ్ళల్లోనే శానామంది పాత ల్యాప్‌టాప్‌లకి లైనక్స్ ఎక్కిస్తాన్నారు. విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలంటాది, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైన ఉండాలంటాది, బాగా నడుస్తాన్న మిషన్‌ని గుజిరీకి వేసేకి ఎవరికి మనసొస్తాది? సరే అని లైనక్స్ వేస్తారు. వైఫై వస్తాది, సౌండ్ వస్తాది, టచ్‌ప్యాడ్ కూడా వస్తాది. రెండు రోజులకి నాకు ఫోన్ వస్తాది. "అన్నా, గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తాందో లేదో తెలీట్లేదు." "అన్నా, యూట్యూబ్ పెడితే చాలు ఫ్యాన్ పిండిమర మాదిరి అరుస్తాంది." "అన్నా, టీవీకి కేబుల్ పెడితే ఏమీ రాలేదు."

ఈ మూడూ వేరే వేరే జబ్బులు. ఇంటర్నెట్‌లో వెతికితే మాత్రం మూడింటికీ ఒకటే మందు రాసింటారు, ఈ నాలుగు కమాండ్లు కాపీ కొట్టు, రీబూట్ చెయ్ అని. దాంతో సగంమందికి ఉన్నది కూడా పోతాది. కింద నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతా పోతే ఏ జబ్బు ఏ చోటిదో కనిపిస్తాది. నా మటుకు నాకు అర్థమైంది ఏమంటే, డ్రైవర్ (చిప్పుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) గురించి కొట్లాడే ముందు స్క్రీన్ వైరు యాడికి పోతాందో చూడాల.

"కార్డు" అనే మాటతోనే మొదలయ్యే అయోమయం

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు అంటే నిజంగా కార్డే, ఊడదీసి చేతిలో పట్టుకోవచ్చు, మానిటర్ వైరు దాని వెనకాలే గుచ్చుతాం. ల్యాప్‌టాప్‌లో అట్ల కాదు. ప్రాసెసర్ లోపలే ఒక గ్రాఫిక్స్ చిప్పు ఉంటాది, ఇంటెల్‌దైతే యూహెచ్‌డీ అనో ఐరిస్ ఎక్స్ఈ అనో, ఏఎండీదైతే రేడియాన్ అనో పేరు. దీన్ని ఇంటిగ్రేటెడ్ అంటారు. సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోనే రోంత తీసుకుంటాది, కరెంటు తక్కువ తింటాది. గేమింగ్ ల్యాప్‌టాప్ అనో, 4 జీబీ గ్రాఫిక్స్ అనో చెప్పి అమ్మినవాటిలో దీనికి తోడు మదర్‌బోర్డు మీద ఇంకో చిప్పు ఉంటాది, దాని మెమరీ దానిదే, దాని వేడి దానిదే. ఇది డిస్క్రీట్. ఎక్కువగా ఎన్విడియా, అక్కడక్కడ ఏఎండీ.

మన దాంట్లో ఏముందో టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్ చెప్తాది. దానికి హైఫన్ కె తగిలిస్తే ఒక్కో చిప్పు కింద "కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒక లైను వస్తాది. కర్నెల్ అంటే లైనక్స్ గుండెకాయ, హార్డ్‌వేర్‌ని నడిపేది. ఆ లైను లేదంటే చిప్పు ఉంది గానీ దాన్ని పలకరించే నాథుడు లేడని అర్థం. ఇంకో గుర్తు కూడా ఆ లిస్టులోనే ఉంటాది, శానామంది చూడరు. ఒక చిప్పు పక్కన "వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్" అని, ఇంకోదాని పక్కన "3డీ కంట్రోలర్" అని ఉంటే, ఆ 3డీ కంట్రోలర్‌కి మామూలుగా ఏ స్క్రీన్ వైరూ ఉండదు. బొమ్మ గీయడమే దాని పని, చూపించే పని వేరేవాళ్ళది.

వైరు కథ: కాలవ, బోరు, మడవ

2010లో ఎన్విడియా ఆప్టిమస్ అని ఒక పద్ధతి తెచ్చింది. అంతకుముందు రెండు చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ వైరుని ఇటు నుంచి అటు తిప్పే సర్క్యూట్ ఉండేది. ఆప్టిమస్‌లో దాని అవసరం లేకుండా చేసినారు. స్క్రీన్ ఎప్పుడూ ఇంటిగ్రేటెడ్ చిప్పుకే కట్టేసి ఉంటాది. బరువు పని వచ్చినప్పుడు ఎన్విడియా చిప్పు లేస్తాది, బొమ్మ గీస్తాది, గీసిన బొమ్మని ఇంటిగ్రేటెడ్ వైపు కాపీ చేస్తాది, అది స్క్రీన్‌కి పంపిస్తాది. పని అయిపోతే ఎన్విడియా మళ్ళీ పడుకుంటాది.

మన సీమ మాటల్లో చెప్పుకుందాం. సుంకేసుల కాడ మొదలైన కేసీ కెనాల్ కర్నూలు మీదుగా కడప దాకా వస్తాది. నీ చేను ఆ కాలవ కింద ఉంది అనుకో. నువ్వు అప్పు చేసి పెద్ద మోటరుతో బోరు కూడా వేయించినావు, కానీ బోరు నుంచి చేనుకి పైపు లేదు. బోరు నీళ్ళు కాలవలో పోసి, కాలవ తూములోంచే చేనుకి తెచ్చుకోవాల. బోరు ఎంత పెద్దదైనా తూము మూసేస్తే చేనుకి చుక్క రాదు. "ఇంటెల్ ఎందుకు, తీసేసి ఎన్విడియా ఒక్కటే ఉంచుకుందాం" అని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మార్చినోళ్ళకి నల్ల స్క్రీన్ వచ్చేది ఇందుకే. వాళ్ళు మూసింది తూము.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో మక్స్ అని ఉంటాది. అది అచ్చం మన మడవే. ఇటు కట్టి అటు తెంచితే పారే దారి మారిపోతాది, అంటే స్క్రీన్ నేరుగా డిస్క్రీట్ చిప్పుకే తగులుకుంటాది. ఎక్కువగా బయాస్‌లో (మిషన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) ఆప్షన్‌గా ఉంటాది, మార్చినాక రీబూట్ కావాల. 2020లో అడ్వాన్స్‌డ్ ఆప్టిమస్ అని రీబూట్ లేకుండా మారేది కూడా విండోస్ కోసం తెచ్చినారు, లైనక్స్‌లో మాత్రం బయాస్ దారే నమ్మకమైన దారి.

ఇంకో మెలిక ఉంది, టీవీకి కేబుల్ పెడితే రాలేదు అనే ఫోన్లన్నీ దీని వల్లే. లోపలి స్క్రీన్ ఇంటెల్‌కి కట్టినా, పక్కనుండే హెచ్‌డీఎంఐ పోర్టు శానా ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియాకి కట్టి ఉంటాది. కొన్నిట్లో హెచ్‌డీఎంఐ ఒకదానికి, టైప్-సీ పోర్టు ఇంకోదానికి. బయటికి చూస్తే రెండూ ఉత్త బొక్కలే, ఏ తేడా తెలీదు. అట్లాంటి మిషన్‌లో ఎన్విడియా డ్రైవర్ ఎక్కకపోతే ల్యాప్‌టాప్ స్క్రీన్ సుబ్బరంగా ఉంటాది, ప్రొజెక్టర్ మాత్రం రాదు.

ఆ కాపీకి ఎంత ఖర్చు?

గీసినదాన్ని ఇంకో చిప్పుకి మోసే పని కదా, స్పీడు చచ్చిపోదా అని అడుగుతారు. లెక్క వేద్దాం. 1920 బై 1080 స్క్రీన్ అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకి 4 బైట్లు, అంటే ఒక ఫ్రేముకి 82,94,400 బైట్లు, సుమారు 8.3 ఎంబీ. సెకనుకి 60 ఫ్రేములైతే దాదాపు 500 ఎంబీ. 144 ఫ్రేములైతే దాదాపు 1.2 జీబీ. చిప్పుల మధ్య దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ఎనిమిది లేన్లైతే సెకనుకి సుమారు 7.9 జీబీ మోస్తాది, నాలుగు లేన్లే ఉంటే దాంట్లో సగం.

అంటే 60 ఫ్రేములకి దారిలో మూల కూడా నిండదు. 144కి, అదీ నాలుగు లేన్ల మీద, దారిలో మూడో వంతుకి రోంత తక్కువగా ఉత్త కాపీకే పోతాది. అందుకే మక్స్ ఉన్నోళ్ళు గేమ్ ఆడేటప్పుడు నేరుగా ఎన్విడియాకి తిప్పుకుంటే ఫ్రేములు పెరిగినాయి అంటారు, అది నిజమే. ప్రాజెక్ట్ రిపోర్ట్ టైపు చేసుకునేవాడికి తేడా ఏమీ లేదనేదీ నిజమే.

"డ్రైవర్ వేసినా" అంటే ఏది వేసినట్టు?

విండోస్‌లో డ్రైవర్ అంటే ఒక సెటప్ ఫైలు, డబుల్ క్లిక్ చేస్తే అయిపోతాది. లైనక్స్‌లో అది మూడంతస్తుల మిద్దె. కింద అంతస్తు కర్నెల్‌లో ఉండే భాగం, చిప్పుతో నేరుగా మాట్లాడేది, రిజల్యూషన్ పెట్టేది, బ్రైట్‌నెస్ చూసుకునేది. ఇంటెల్‌కి ఐ915, కొత్తవాటికి ఎక్స్ఈ, ఏఎండీకి ఏఎండీజీపీయూ, ఎన్విడియాకి నూవో అనేదో లేకపోతే ఎన్విడియా వాళ్ళ సొంతదో. రెండోది ఫర్మ్‌వేర్, చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, బూట్ టైములో కర్నెల్ దాన్ని చిప్పులోకి ఎక్కిస్తాది. మూడోది మెసా, 1993లో మొదలైన ప్రాజెక్టు, గేములు, బ్రౌజర్లు అడిగే ఓపెన్‌జీఎల్, వల్కన్ మాటల్ని చిప్పుకి అర్థమయ్యేట్టు మార్చేది ఇదే. ఎన్విడియా సొంత డ్రైవర్ వేస్తే మెసా బదులు వాళ్ళ లైబ్రరీలే ఆ పని చేస్తాయి.

ఏ అంతస్తు లేకపోతే ఏం కనిపిస్తాదో తెలిస్తే సగం రోగం దొరికినట్టే. కింద అంతస్తు లేకపోతే స్క్రీన్ అంతా లావు లావు అక్షరాలు, రిజల్యూషన్ మారదు, బ్రైట్‌నెస్ బటన్లు పనిచేయవు. ఫర్మ్‌వేర్ లేకపోతే, ముఖ్యంగా ఏఎండీలో, బూట్ మధ్యలో నల్లగా ఆగిపోతాది. డెబియన్ అనే లైనక్స్ రకంలో ఇది పాత తలనొప్పి, స్వేచ్ఛగా పంచుకోలేని ఫర్మ్‌వేర్‌ని వాళ్ళు మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్ళు కాదు, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పెడుతున్నారు. పైన అంతస్తు తప్పితే అన్నీ కనిపిస్తాయి కానీ విండో జరిపితే జారుతా జారుతా వస్తాది, ఎందుకంటే గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసరే చేస్తాంటాది.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నోళ్ళకి ఇంకో చిక్కు. ఉబుంటు అనే ఇంకో లైనక్స్ రకంలో 24.04 వెర్షన్ 2024 ఏప్రిల్‌లో 6.8 కర్నెల్‌తో వచ్చింది. దాని తర్వాత మార్కెట్లోకి వచ్చిన చిప్పు గురించి ఆ కర్నెల్‌కి ఎట్ల తెలుస్తాది? పాత సీడీతో కొత్త మిషన్ కొట్టుకునే కంటే కొత్త కర్నెల్ ఉన్న వెర్షన్ వేస్తేనే అది నడిచేది. పాత ల్యాప్‌టాప్‌కి ఈ బాధ లేదు.

సేఫ్ గ్రాఫిక్స్ అనే కట్టు, విప్పడం మర్చిపోయిన వాళ్ళు

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్ల స్క్రీన్ వస్తే "సేఫ్ గ్రాఫిక్స్" అని ఒక ఆప్షన్ ఉంటాది, వీడియోల్లోనూ నోమోడ్‌సెట్ అనే మాట బూట్ లైన్లో చేర్చమంటారు. ఈ మాట కర్నెల్‌కి ఏం చెప్తాదంటే, గ్రాఫిక్స్ డ్రైవర్ల జోలికి పోవద్దు, బయాస్ ఇచ్చిన స్క్రీన్‌తోనే సర్దుకో అని. ఎముక విరిగితే వేసే కట్టు మాదిరి. ఇన్‌స్టాల్ అయ్యేవరకు మంచిదే. ఆ మాటని గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్లో పర్మనెంట్‌గా రాసేసి మర్చిపోతే కర్నెల్‌లో ఉండే ఇంటెల్, ఏఎండీ, నూవో డ్రైవర్లు నిద్ర లేవవు.

కడప నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ ఇట్లాంటిదే చూసినా. ఏఎండీ చిప్పు, ఏ డ్రైవరూ విడిగా వేయాల్సిన పనే లేదు. జీఎల్ఎక్స్‌ఇన్ఫో అనే కమాండ్ కొట్టి "రెండరర్" అనే లైను చూస్తే "ఎల్ఎల్‌వీఎంపైప్" అని ఉంది. ఆ పేరు కనిపిస్తే చిప్పు ఖాళీగా కూర్చుంది, బొమ్మలన్నీ ప్రాసెసర్ గీస్తాంది అని అర్థం. ఆరు నెలలు అట్లే వాడినారంట, లైనక్స్ అంటే ఇంతే స్లో అనుకుని. గ్రబ్‌లో ఆ ఒక్క మాట తీసేసి రీబూట్ చేస్తే అదే లైన్లో రేడియాన్ పేరొచ్చింది.

ఎవరు రాసిన డ్రైవర్: పదేళ్ళ పంచాయితీ

ఇంటెల్ మొదటి నుంచి తన డ్రైవర్‌ని కర్నెల్‌లోనే, అందరికీ కనిపించేట్టు రాస్తా వచ్చింది. ఏఎండీకి ఒకప్పుడు కాటలిస్ట్ అని మూసిపెట్టిన డ్రైవర్ ఉండేది, అది పెట్టిన తిప్పలు అప్పట్లో వాడినోళ్ళకే తెలుసు. 2015లో ఏఎండీజీపీయూ అనే ఓపెన్ డ్రైవర్ కర్నెల్ 4.2తో వచ్చినాక ఆ బాధ పోయింది.

ఎన్విడియా దారి వేరు. వాళ్ళ డ్రైవర్ మూసిన పెట్టె. బయటివాళ్ళు చిప్పు ఎట్ల పనిచేస్తాదో తామే తవ్వి తీసి నూవో అని ఓపెన్ డ్రైవర్ రాసినారు, 2010లో అది కర్నెల్‌లో చేరింది. కానీ జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకపోతే చిప్పు స్పీడు మార్చేకి వీల్లేకుండా అయింది, నూవో చేతిలో ఆ చిప్పులు బూట్ అయిన స్పీడు దగ్గరే ఇరుక్కున్నాయి. ఆరు గేర్ల బండిని ఫస్ట్ గేర్లో నడిపినట్టు. ఆప్టిమస్‌కి లైనక్స్‌లో కంపెనీ సాయం లేదని జనం కోపంగా ఉన్న రోజుల్లోనే, 2012 జూన్‌లో ఫిన్‌లాండ్ ఆల్టో యూనివర్సిటీలో లైనక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ కెమెరాకి ఎదురుగా ఎన్విడియాకి మధ్య వేలు చూపించినాడు. ఆ వీడియో చూడని లైనక్స్ మనిషి ఉండడు.

ఆ రోజుల్లో బంబుల్‌బీ అని వాలంటీర్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఆప్టిమస్‌ని నెట్టుకొచ్చింది. 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక్క స్పేస్ ఎక్కువ పడి, తీసేయాల్సిన ఫోల్డర్ బదులు మొత్తం యూఎస్ఆర్ ఫోల్డరే తుడిచిపెట్టేసింది, సిస్టమ్ అంతా అందులోనే ఉంటాది. కమాండ్లు చదవకుండా కాపీ కొట్టేవాళ్ళకి నేను ఇదే కథ చెప్తాంటా.

తర్వాత పరిస్థితి మెల్లగా మారింది. 2019లో 435 డ్రైవర్‌తో ఎన్విడియా తన ఆఫ్‌లోడ్ పద్ధతి (మనం అడిగిన ప్రోగ్రామ్‌ని మాత్రం ఎన్విడియా మీద నడిపేది) ఇచ్చింది. 2022 మేలో కర్నెల్ అంతస్తు కోడ్‌ని ట్యూరింగ్ అనే తరం చిప్పుల నుంచి పైవాటికి ఓపెన్ చేసింది. ఇక్కడ రెండు వాదనలున్నాయి. ఒకళ్ళు ఇది పెద్ద మార్పే అంటారు, డిస్ట్రోలకి (ఉబుంటు, డెబియన్ లాంటివాటికి) పని తేలికయింది, నూవో వాళ్ళకీ ఆ ఫర్మ్‌వేర్ వాడుకునే దారి దొరికింది, మెసాలో ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ ఎదుగుతాంది. ఇంకోళ్ళు ఓపెన్ చేసింది గడప ఒక్కటే అంటారు, ఎందుకంటే శానా పని చిప్పు లోపలి జీఎస్‌పీ ఫర్మ్‌వేర్‌లోకి జరిగింది, అది మూసే ఉంది, పైన అంతస్తు ఓపెన్‌జీఎల్, వల్కన్, క్యూడా (CUDA, గ్రాఫిక్స్ చిప్పుతో లెక్కలు చేయించేది) లైబ్రరీలూ మూసే ఉన్నాయి. నాకైతే రెండూ నిజమే అనిపిస్తాది. ఇంజనీరింగ్ పిల్లోడికి డీప్ లెర్నింగ్ ప్రాజెక్టుకి క్యూడా కావాల, అది ఎన్విడియా మీదే నడుస్తాది, వాడికి ఈ పంచాయితీ ఎటు తేలినా డ్రైవర్ వేసుకోక తప్పదు. ఆ అవసరం లేనోడికి ఒకటే ఏఎండీ చిప్పున్న ల్యాప్‌టాప్‌లో ఈ సెక్షన్ చదివే పనే లేదు.

సెమినార్ రోజు జరిగింది: సెక్యూర్ బూట్ నీలి స్క్రీన్

మా చిన్నాయన కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. ఇంటెల్ ఐ5, పక్కన జీటీఎక్స్ 1650 ఉన్న ల్యాప్‌టాప్. సెమినార్‌కి రెండు రోజుల ముందు ఏదో వీడియో చూసి నూవోని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టినాడు, ఎన్విడియా డ్రైవర్ వేసినాడు. మధ్యలో ఒక పాస్‌వర్డ్ అడిగింది, ఎందుకో తెలీకుండానే 12345678 అని కొట్టినాడు. రీబూట్ చేస్తే నీలి రంగు స్క్రీన్ వచ్చింది, "ఏదైనా కీ నొక్కండి" అని పది సెకన్ల కౌంట్‌డౌన్. వాడు నొక్కినాడు, మెనూలో మొదటి లైను "కంటిన్యూ బూట్" అని ఉంది, ఎంటర్ కొట్టేసినాడు. డెస్క్‌టాప్ మామూలుగా వచ్చింది. అంతా బాగుంది అనుకున్నాడు.

సెమినార్ హాల్లో హెచ్‌డీఎంఐ గుచ్చితే ప్రొజెక్టర్ మీద "నో సిగ్నల్". కేబుల్ తిప్పి పెట్టినారు, ఇంకో కేబుల్ తెచ్చినారు. చివరికి పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కోడి ల్యాప్‌టాప్‌లో చూపించినాడు, అందులో ఫాంట్లు మారిపోయి తెలుగు ముక్కలన్నీ డబ్బాలయినాయి.

సాయంత్రం ఇంట్లో కూర్చుని చూస్తే సంగతి ఇది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ని (కర్నెల్‌కి తగిలించే డ్రైవర్ ముక్కని) కర్నెల్ లోపలికి రానీదు. ఎన్విడియా మాడ్యూల్ మన మిషన్‌లోనే తయారవుతాది, దాని మీద పడేది మన మిషన్‌లో పుట్టిన సంతకమే, ఆ సంతకాన్ని నమ్ము అని మదర్‌బోర్డుకి చెప్పేదే ఆ నీలి స్క్రీన్. అందులో "ఎన్‌రోల్ ఎంఓకే" అనేది ఎంచుకుని, ముందు పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాల. వాడు కంటిన్యూ కొట్టినందుకు సంతకం నమోదు కాలేదు, మాడ్యూల్‌ని ఎక్కించేకి చూస్తే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తాంది. నూవోని వాడే తలుపేసి పంపించినాడు, కొత్తదాన్ని కర్నెల్ రానీలేదు, ఎన్విడియా చిప్పుకి దిక్కు లేదు, హెచ్‌డీఎంఐ దాని కిందే ఉంది. ఇంటెల్ మాత్రం తన పాటికి లోపలి స్క్రీన్ నడుపుతానే ఉంది, అందుకే రెండు రోజులు ఎవరికీ అనుమానం రాలేదు.

మళ్ళీ నమోదు పెట్టించి, ఈసారి నీలి స్క్రీన్ చదివి, మా ఇంటి టీవీకి గుచ్చితే బొమ్మ పడింది. "ఇంతేనా అన్నా?" అన్నాడు. ఇంతే.

సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలే అనేవాళ్ళు శానామంది. ఆపేస్తే ఈ గొడవ ఉండదు, నిజమే. కానీ పక్కన విండోస్ కూడా ఉంటే, దాంట్లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉంటే, అది రికవరీ కీ అడగొచ్చు, ఆ కీ ఎక్కడుందో ఎంతమందికి తెలుసు? ఇంకో సంగతి, కర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనేది మాడ్యూల్‌ని మళ్ళీ తయారుచేయాల. దానికి కావాల్సిన కర్నెల్ హెడర్లు లేకపోతే నిన్న బాగున్న డ్రైవర్ ఈరోజు ఉండదు. ఉబుంటు వాళ్ళు ముందే సంతకం పెట్టి ఇచ్చే డ్రైవర్ ప్యాకేజీలు వాడితే ఈ రెండు తిప్పలూ తప్పుతాయి.

బ్యాటరీ ఎవరు తాగేస్తున్నారు?

డ్రైవర్ ఎక్కినాక మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఉత్త ఇంటెల్, ఎప్పుడూ ఎన్విడియా, ఆన్-డిమాండ్. మూడోదాంట్లో డెస్క్‌టాప్ అంతా ఇంటెల్ మీద నడుస్తాది, మనం అడిగిన ప్రోగ్రామ్ మాత్రం ఎన్విడియా మీద. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్రీట్ కార్డుతో నడుపు అనే ఆప్షన్ వస్తాది, టెర్మినల్‌లో అయితే ప్రైమ్-రన్ అని ముందు పెడతారు. ప్రైమ్ అనే ఈ పేరు కూడా ఆప్టిమస్ మీద వేసిన జోకే, ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాల రోబో పేరు ఆప్టిమస్ ప్రైమ్ కదా.

ఒక లెక్క. 45 వాట్-అవర్ బ్యాటరీ, ఖాళీగా ఉన్నప్పుడు మిషన్ 6 వాట్లు తింటాది అనుకుందాం, ఏడున్నర గంటలు వస్తాది. ఎన్విడియా చిప్పు ఏ పనీ లేకుండా మేలుకుని ఇంకో 8 వాట్లు తింటే, 14 వాట్లకి సుమారు మూడు గంటల పదమూడు నిమిషాలే. చిప్పు పూర్తిగా కరెంటు ఆపుకుని పడుకోవడం ఎన్విడియా డ్రైవర్‌లో ట్యూరింగ్ నుంచి కుదురుతాది. పడుకుందా లేదా అని చూసేకి శానామంది ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండ్ కొడతారు, అక్కడే తమాషా, ఆ కమాండే దాన్ని నిద్ర లేపుతాది. నిద్రపోతాన్నోణ్ణి తట్టి "నిద్రపోయినావా" అని అడిగినట్టు. సిస్ ఫోల్డర్‌లో ఆ చిప్పు పవర్ స్టేటస్ ఫైలు చూస్తే లేపకుండానే "సస్పెండెడ్" అని కనిపిస్తాది.

క్యూడా ప్రోగ్రాముల కోసం ఎప్పుడూ ఎన్విడియా పద్ధతికి మారాలనేది ఉత్త అపోహ. క్యూడాకి స్క్రీన్‌తో పనే లేదు, ఆన్-డిమాండ్‌లోనే అది నడుస్తాది.

యూట్యూబ్ పెడితే ఫ్యాన్ అరిచేది

మే నెలలో మా ఊర్లో 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ ఫోన్లు ఎక్కువ. దీనికి ఎన్విడియాకి ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. వీడియో విప్పేకి చిప్పులో విడిగా ఒక భాగం ఉంటాది, లైనక్స్‌లో దాన్ని పిలిచే దారి పేరు వీఏ-ఏపీఐ. ఆ దారి తెరిచి లేకపోతే విప్పే పని ప్రాసెసర్ నెత్తిన పడతాది. ఫెడోరా అనే లైనక్స్ రకం వాళ్ళు పేటెంట్ భయంతో 2022లో హెచ్.264 లాంటి వీడియో ఫార్మాట్లకి ఈ సౌకర్యాన్ని మెసాలోంచి తీసేసినారు, ఏఎండీ వాడేవాళ్ళు బయటి రిపాజిటరీ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

అన్నీ సరిగ్గా ఉన్నా చిప్పుకి ఆ ఫార్మాట్ రాకపోవచ్చు. ఇంటెల్‌లో వీపీ9 పూర్తిగా వచ్చేది ఏడో జనరేషన్ నుంచి, ఏవీ1 వచ్చేది పదకొండో జనరేషన్ నుంచి. యూట్యూబ్ ఏవీ1 పంపిస్తే ఎనిమిదో జనరేషన్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసరే విప్పాల, విండోస్‌లోనూ అంతే. పాత ఫార్మాట్లే అడిగే ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేసుకున్నోళ్ళకి ఫ్యాన్ తగ్గింది. వీఏఇన్ఫో కమాండ్ కొడితే మన చిప్పుకి ఏమేం వచ్చో లిస్టు వస్తాది.

ఎక్స్ నుంచి వేలాండ్‌కి

స్క్రీన్ మీద విండోలన్నీ సర్దేది ఇన్నాళ్ళూ ఎక్స్, 2008లో మొదలైన వేలాండ్ ఇప్పుడు దాని చోటు తీసుకుంటాంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఒక రిఫ్రెష్ రేటు, బయటి మానిటర్ ఇంకో రేటు ఉంటే వేలాండ్ బాగా సర్దుతాది. ఎన్విడియా మాత్రం శానా ఏళ్ళు తన సొంత పద్ధతే పట్టుకుని కూర్చుంది, 2021లో 495 డ్రైవర్‌తో అందరూ వాడే జీబీఎం పద్ధతికి వచ్చింది, 2024లో 555తో ఎక్స్‌ప్లిసిట్ సింక్ వచ్చినాక విండోలు మిణుకుమిణుకుమనడం శానావరకు ఆగింది. అందుకే 2021 నాటి "ఎన్విడియా ఉంటే వేలాండ్ వద్దు" అనే సలహా అప్పటికి కరెక్టే, ఇప్పుడు పాతబడింది. స్క్రీన్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్ లాంటి పాత ప్రోగ్రాములున్నోళ్ళు ఇంకా ఎక్సే మేలంటారు, వాళ్ళ బాధా నిజమే, కానీ 2025 అక్టోబర్ ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్ లాగినే తీసేసినారు.

పాత ఎన్విడియా చిప్పుల గతి

ఎన్విడియా చిప్పుల తరాలకి ఒక్కోదానికి ఒక్కో పేరు. ఫెర్మీ చిప్పులకి 390 డ్రైవరే ఆఖరు, 2022తో అదీ అయిపోయింది. కెప్లర్‌కి 470 ఆఖరు, 2024లో ముగిసింది. మాక్స్‌వెల్, పాస్కల్‌కి, అంటే మన పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 940ఎంఎక్స్, ఎంఎక్స్150, జీటీఎక్స్ 1050 లాంటివాటికి, 580 సిరీస్ ఆఖరు. మా తమ్ముడి 1650 ట్యూరింగ్ కాబట్టి ఇంకా బతికే ఉంది. ఆఖరు డ్రైవర్ దాటిపోయిన చిప్పుని కొత్త కర్నెల్ మీద లాక్కురావాలంటే ప్రతి అప్‌డేట్‌కీ దినదిన గండమే, అట్లాంటప్పుడు నూవోకి అప్పజెప్పి, అది పనిలేనప్పుడు చిప్పు కరెంటు ఆపేస్తే, ఇంటెల్ మీదే అంతా నడుపుకోవడం మేలని నా లెక్క.

మా మామ ల్యాప్‌టాప్ అట్లాంటిదే, ఫెర్మీ కాలం జీటీ 540ఎం. డ్రైవర్ కోసం నేను ఒక పూటంతా పోరాడి, చివరికి అన్నీ తీసేసి నూవోకి వదిలేసినా. ఇంటెల్ మీద పేపర్లు చదువుతాడు, బ్యాంకు పనులు చేసుకుంటాడు, ఒడి కూడా మునుపటంత కాలట్లేదంట. మొన్న పోయినప్పుడు కీబోర్డు పక్కనున్న ఆకుపచ్చ స్టిక్కర్ చూపించి, "దీని మీద గ్రాఫిక్స్ అని రాసింది కదప్పా, మరి అది పనిచేయట్లేదంటివి, పీకేయాల్నా?" అని అడిగినాడు.

"ఉండనీ మామా, నిద్రపోతాంది" అన్నా.